రిపోర్టులో 27 శాతం, మీటరులో 22 శాతం: గాలిమరల యూనిట్లు ఎక్కడ పోతున్నాయి?

#1 పెన్నాతీరం
ఉరవకొండ వైపు గట్టు మీద 2 మెగావాట్ల మరలు పది. రోటర్ (రెక్కలు తిరిగే చక్రం) వ్యాసం 100 మీటర్లు, హబ్ (రెక్కలు కలిసే నడిమి భాగం) ఎత్తు 80 మీటర్లు. కట్టకముందు తయారైన గాలి అంచనా రిపోర్టులో సీయూఎఫ్ (ఏడాదంతా ఫుల్ లోడుతో తిరిగితే వచ్చే యూనిట్లలో నిజంగా వచ్చే వంతు) 27 శాతం అని ఉంది. సబ్‌స్టేషన్లో బిల్లింగ్ మీటరు ప్రకారం నిరుడు వచ్చింది 22 శాతం. మెయింటెనెన్స్ కాగితంలో మాత్రం అవైలబిలిటీ (మర నడవడానికి సిద్ధంగా ఉన్న సమయం) 97 శాతం. ఒక్కో మరకు ఏడాదికి 8.76 లక్షల యూనిట్ల తేడా. యూనిట్ 4.84 రూపాయల ఒప్పందంలో అది 42 లక్షల పైమాటే. ఏడాది పాటు పది నిమిషాలకోసారి స్కాడా (మరల కంప్యూటరు రికార్డు) తీసిన డేటా చేతిలో ఉంది. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి వెతకాలో తెలిసినవాళ్లు చెప్పండి.

#2 కొండగాలి
22 శాతం అంటే మర సామర్థ్యమే 22 శాతం అన్నమాట. మిగతా 78 శాతం వృథా అయినట్టే కదా? అంత పెట్టుబడికి ఇదేం రాబడి అండీ?

#3 యూనిట్ల లెక్క
కాదండీ. రెండు వేర్వేరు సంగతులకు ఒకే శాతం గుర్తు వాడటంతో వచ్చిన తికమక ఇది.

సామర్థ్యం అంటే రోటర్ వలయంలోంచి పోయే గాలిలోని శక్తిలో మర ఎంత పట్టుకుంటుంది అన్నది. దానికి పైహద్దు 27లో 16 వంతులు, అంటే 59.3 శాతం. జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ వందేళ్ల కిందటే తేల్చారు. గాలిని మొత్తం ఆపేస్తే అది వెనక్కి పోదు, వెనక్కి పోకపోతే ముందు నుంచి కొత్త గాలి రాదు. అందుకే అంతా పట్టలేం. ఇప్పటి మంచి రెక్కలు 45 శాతం దాకా పడతాయి. గేర్‌బాక్స్, జనరేటరు, కన్వర్టరు తినేది పోను 40 శాతం చేతికొస్తుందనుకోండి.

100 మీటర్ల రోటర్ వలయం 7,854 చదరపు మీటర్లు. మన గట్ల మీద వేడికి గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.08 కిలోల దగ్గర ఉంటుంది. సెకనుకు 8 మీటర్ల గాలిలో ఉన్న శక్తి 2,171 కిలోవాట్లు. అందులో 40 శాతం 868 కిలోవాట్లు. అదే 4 మీటర్ల గాలికి 108 కిలోవాట్లే, ఎందుకంటే వేగం సగమైతే శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. 12 మీటర్ల గాలికి లెక్క ప్రకారం 2,900 దాటాలి. కానీ జనరేటరు 2,000దే. అక్కడ రెక్కలు కోణం మార్చుకుని మిగతా గాలిని వదిలేస్తాయి.

సీయూఎఫ్ వేరు. ప్లేటు మీద రాసిన 2,000 కిలోవాట్లతో ఏడాది 8,760 గంటలూ తిరిగితే 1,75,20,000 యూనిట్లు. వచ్చిన యూనిట్లు అందులో ఎన్నో వంతు అన్నదే సీయూఎఫ్. గాలి రోజంతా ఒకేలా ఉండదు కాబట్టి అది వందకు వందా రావడం జరగని పని. దేశం మొత్తం మీద 2023-24లో గాలి కరెంటు దాదాపు 8,300 కోట్ల యూనిట్లు. అప్పటి మరల మొత్తానికి చూస్తే సగటు 21 శాతం చిల్లర.

పైగా సీయూఎఫ్‌ను డిజైనుతోనే పెంచొచ్చు. 2 మెగావాట్ల జనరేటరుకు 100 మీటర్ల రోటర్ తగిలిస్తే చదరపు మీటరుకు 255 వాట్లు. అదే జనరేటరుకు 120 మీటర్ల రోటర్ పెడితే 177. గాలి మారలేదు, సామర్థ్యం మారలేదు, సీయూఎఫ్ మాత్రం బాగా పెరుగుతుంది. 1990ల నాటి 225 కిలోవాట్ల తరగతి మరలకు రోటర్ 27 మీటర్లే, చదరపు మీటరుకు 390 వాట్ల పైన. అవి 15 శాతం దగ్గర ఆగిపోతే అది మర తప్పు కాదు. 30 మీటర్ల ఎత్తులో చిన్న రోటర్‌కు అందే గాలే అంత.

కాబట్టి పెన్నాతీరం గారు అడగాల్సింది "22 ఎందుకు తక్కువ" అని కాదు, "27కీ 22కీ మధ్య ఏం జరిగింది" అని.

#4 గట్టుమీది మర
ముందు ఆ 27 ఎలా వచ్చిందో చూడండి. రిపోర్టు చివర నష్టాల పట్టిక ఉంటుంది. మామూలుగా ఇలా నడుస్తుంది: మరల మధ్య గాలినీడ (ముందు మర వెనక పడే బలహీన గాలి) 8 శాతం, ఆగిపోయిన సమయం 4, వైర్లు ట్రాన్స్‌ఫార్మర్లు 3, రెక్కల మురికి 2, వేడికి తగ్గించి నడపడం 1.5. వీటిని కూడితే 18.5 అవుతుంది. కానీ కూడకూడదు, మిగిలినవాటిని గుణించాలి. 0.92, 0.96, 0.97, 0.98, 0.985 గుణిస్తే 0.827. అంటే ఏ నష్టమూ లేకుండా 32.6 శాతం రావాల్సింది 27కు దిగింది.

రెండోది, ఆ 27 ఏ అంచనా? పీ50 అయితే అంతకంటే ఎక్కువ వచ్చే అవకాశం సగం, తక్కువ వచ్చే అవకాశం సగం. అనిశ్చితి 10 శాతం అనుకుంటే పీ90 అంకె (తొంభై శాతం అవకాశంతో దాటే అంకె) 27 × 0.872, అంటే 23.5. బ్యాంకు అప్పు లెక్కలు చాలావరకు దీని మీదే కడతారు. మీ 22 ఆ పీ90 కంటే కూడా కింద ఉంది. కాబట్టి ఒక్క గాలి తగ్గిందని సర్దుకుపోవద్దు.

అలాగని గాలిని వదిలేయొద్దు. యూరప్ వాతావరణ కేంద్రం వారి ఈఆర్ఏ5 డేటా (గడులుగా పంచిన పాత వాతావరణ లెక్కలు) ఉచితం. మీ గట్టుకు దగ్గరి గడి తీసుకుని ఇరవయ్యేళ్ల సగటుతో నిరుటి గాలిని పోల్చండి. సగటు వేగం 3 శాతం తగ్గితే యూనిట్లు ఐదారు శాతం తగ్గుతాయి.

#5 యూనిట్ల లెక్క
పై పోస్టుకు చిన్న చేర్పు, కానీ ఆంధ్రలో ఎక్కువమంది పడే గుంట ఇదే. కంపెనీ బ్రోచరులో ఇచ్చే పవర్ కర్వ్ (ఏ గాలికి ఎన్ని కిలోవాట్లో చెప్పే గీత) సాంద్రత 1.225 దగ్గరిది. అది సముద్ర మట్టం, 15 డిగ్రీల చలి. ఇక్కడ గట్టు ఎత్తు 450, 500 మీటర్లు, ఎండ 35 డిగ్రీలు. సాంద్రత 12 శాతం తక్కువ. రెక్కల కోణం మార్చుకునే మరకైతే దీన్ని వేగంలో సర్దుతారు: సాంద్రతల నిష్పత్తికి ఘనమూలం, అంటే 0.959. మీ 8 మీటర్ల గాలి ఆ బ్రోచరు లెక్కలో 7.67 మీటర్లే. ఫుల్ లోడు మీద తేడా రాదు, దానికి కింద అంతటా వస్తుంది. రిపోర్టులో వాడిన కర్వ్ పక్కన సాంద్రత అంకె ఏముందో చూడండి. 1.225 అని ఉంటే మీ 5 శాతంలో పెద్ద ముక్క కాగితం మీదే పోయింది, మర దగ్గర కాదు.

#6 స్కాడా కన్ను
ఏడాదికి ఒక్కో మరకు 52,560 వరుసలు ఉంటాయి. పది మరలకు పది బొమ్మలు గీయండి: అడ్డంగా గాలి వేగం, నిలువుగా కిలోవాట్లు, ఒక్కో పది నిమిషాలకు ఒక్కో చుక్క. సగటులు తీయొద్దు, చుక్కలే చూడండి. ఏ రోగమో చుక్కల ఆకారమే చెబుతుంది.

గాలి 6, 7 మీటర్లు ఉన్నా సున్నా మీద పరుచుకున్న చుక్కలు మర ఆగిపోయిన గంటలు. ఆ వేళల్లో స్టేటస్ కోడ్ ఏముందో పక్క కాలమ్‌లో దొరుకుతుంది.

1,500 దగ్గరో 1,200 దగ్గరో గీత గీసినట్టు అడ్డంగా చుక్కలు ఉంటే కంట్రోలరు కావాలనే కట్టేసింది. వేడి వల్లనా, గ్రిడ్ ఆదేశం వల్లనా అన్నది గంటను బట్టి తెలుస్తుంది. పది మరలకూ ఒకే నిమిషంలో మొదలైతే గ్రిడ్. ఒక్కదానికే, అదీ మధ్యాహ్నం 12 నుంచి 4 మధ్య అయితే వేడి.

మొత్తం గుంపే కుడివైపు జరిగి ఉంటే మూడు అనుమానాలు: నాసెల్ (టవర్ పైన జనరేటరు ఉండే పెట్టె) గాలికి సూటిగా లేదు, రెక్కల కోణం సున్నా తప్పింది, లేదా అనీమోమీటరు (గాలి వేగం కొలిచే పరికరం) ఎక్కువ చూపిస్తోంది.

ఫుల్ లోడుకు చాలా కింద ఉన్నప్పుడు కూడా పిచ్ (రెక్కల) కోణం 3 డిగ్రీల పైన కనిపిస్తే ఆ చుక్కలకు వేరే రంగు వేయండి. గాలి తక్కువున్నప్పుడు రెక్క పూర్తిగా తెరిచి ఉండాలి. తెరవలేదంటే ఎవరో ఆపుతున్నారు.

#7 ఫీడర్ 33
అవైలబిలిటీ 97 అన్నదాన్ని నమ్మి కూర్చోవద్దు. అది గంటల లెక్క. ఏడాదిలో 3 శాతం అంటే 263 గంటలు. ఆ గంటలు ఫిబ్రవరిలో పోతే పెద్ద నష్టం లేదు. జూలైలో ఫుల్ లోడు వేళ పోతే 263 × 2,000, అంటే 5.26 లక్షల యూనిట్లు. మీ 27 శాతం లెక్కలో ఏడాది మొత్తం 47.3 లక్షలు. అందులో 11 శాతం ఒక్క మూడు శాతం మాటున మాయమవుతుంది.

మన దగ్గర ఏడాది యూనిట్లలో 60, 70 శాతం మే నుంచి సెప్టెంబరు లోపే వస్తాయి. ఆషాఢం, శ్రావణం గాలే పంట. మర ఎక్కువగా ఆగేదీ అప్పుడే, ఎందుకంటే లోడు ఉన్నప్పుడే బలహీనత బయటపడుతుంది. కాబట్టి ఒప్పందంలో యూనిట్ల ఆధారిత అవైలబిలిటీ రాయించుకోవాలి: ఆగిన ప్రతి పది నిమిషాలకూ పక్క మర ఎంత ఇచ్చిందో చూసి పోయిన యూనిట్లు లెక్కగట్టడం. ఇంకో మెలిక, గ్రిడ్ లేదని, విజిట్ అని, ఉరుములని కొన్ని గంటలను మినహాయింపుల్లో వేసి మిగిలినదాని మీద 97 చూపిస్తారు. మినహాయింపుల జాబితా అడిగి తీసుకోండి.

వార్షిక సర్వీసు, ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్, 33 కేవీ లైను జంపర్లు, ఇన్సులేటర్లు, చెట్ల కొమ్మలు అన్నీ ఏప్రిల్ లోపు అయిపోవాలి. హబ్ లోపల పిచ్ బ్యాటరీలను ప్రత్యేకంగా చూడాలి. గ్రిడ్ పోయినప్పుడు రెక్కలను మడిచేది అవే. ఎండకు లెడ్ యాసిడ్ బ్యాటరీ త్వరగా చస్తుంది. వోల్టేజీ బాగానే చూపిస్తుంది, లోడు పడగానే కూలిపోతుంది. లోడు టెస్టు చేసి, బలహీనమైన పెట్టె మొత్తం ఒకేసారి మార్చాలి. ఒక్క బ్యాటరీ కొత్తది పెట్టి మిగతావి పాతవి ఉంచితే కొత్తదీ పోతుంది.

#8 పెన్నాతీరం
అందరికీ ధన్యవాదాలు. బొమ్మలు గీశాను. రిపోర్టులో కర్వ్ పక్కన నిజంగానే 1.225 ఉంది. మరల్లో ఏడు దాదాపు ఒకేలా ఉన్నాయి. 4వ నంబరుకు గుంపు కుడివైపు జరిగింది, 7 నుంచి 9 మీటర్ల మధ్య పక్క మర కంటే తక్కువ. 7వ నంబరుకు 1,450 దగ్గర అడ్డగీత, జూన్, జూలై మధ్యాహ్నాలు మాత్రమే. 9వ నంబరు పడమటి గాలికి బాగా వెనకబడుతోంది, నైరుతి గాలికి మామూలే.

#9 నాసెల్ లోపల
7వ నంబరు: గేర్‌బాక్స్ ఆయిల్ వేడి. బయట 34 డిగ్రీలకే డీరేట్ అవుతోందంటే (కిలోవాట్లు తగ్గించి నడుస్తోందంటే) వాతావరణం తప్పు కాదు, కూలింగ్ తప్పు.

పైకి ఎక్కకముందే డేటాలో తేల్చుకోండి. పది మరలకూ 1,400 నుంచి 1,500 కిలోవాట్ల మధ్య ఉన్న వరుసలు తీసి, ఆయిల్ వేడిలోంచి బయటి వేడి తీసేయండి. మిగతా తొమ్మిదింటి కంటే 7వది 8, 10 డిగ్రీలు ఎక్కువుంటే ఖాయం. ఆయిల్ వేడి ఎక్కువ చూపిస్తూ బేరింగుల వేడి మామూలుగా ఉంటే సెన్సరును అనుమానించండి. పక్కనే ఇంకో పీటీ100 (వేడి కొలిచే సెన్సరు) పెట్టి సరిచూడండి.

పైకెళ్లాక రోటర్ లాక్ వేసి, కరెంటు తీసి తాళం పెట్టాకే చెయ్యి వేయాలి. రేడియేటరు రెక్కల సందుల్లో ఎర్రమట్టి, గడ్డి నూగు, పురుగులు, ఆయిల్ చెమ్మ కలిసి గట్టిపడి ఉంటాయి. ముందు నుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది. టార్చి వెనక పెట్టి ముందు నుంచి చూడండి, వెలుతురు రాని చోటల్లా మూసుకుపోయినట్టే. గాలి వచ్చే దిక్కుకు ఎదురుగా, అంటే లోపలికి ఎక్కిన దారినే బయటికి వచ్చేట్టు కడగాలి. ప్రెషరు ఎక్కువ పెడితే అల్యూమినియం రెక్కలు వంగిపోయి శాశ్వతంగా మూసుకుంటాయి.

తర్వాత ఫ్యాను. మోటారు ఎప్పుడైనా మార్చి ఉంటే రెండు ఫేజులు తారుమారై ఫ్యాను ఉల్టా తిరుగుతూ ఉండొచ్చు. తిరుగుతోంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, గాలి మాత్రం సగం కూడా పోదు. కాగితం ముక్క పెట్టి పీలుస్తోందో ఊదుతోందో చూస్తే తెలిసిపోతుంది. అది సరిగానే ఉంటే థర్మోస్టాట్ బైపాస్ వాల్వు. అది ఇరుక్కుంటే ఆయిల్ రేడియేటరుకు పోకుండానే వెనక్కి వస్తుంది. ఇన్‌లెట్, అవుట్‌లెట్ పైపులు రెండూ ఒకే వేడిలో ఉంటే ఫ్లో బాగుండి చల్లారడం లేదు. ఇన్‌లెట్ పైపే చల్లగా ఉంటే ఆయిల్ అటు రావడమే లేదు.

కడిగాక అదే 1,400, 1,500 లెక్క మళ్లీ తీయండి. తేడా తగ్గకపోతే పని కాలేదన్నట్టే.

#10 స్కాడా కన్ను
4వ నంబరుకు ముందు విండ్ వేన్ (గాలి దిక్కు చూపేది) చూడండి. నాసెల్ వెనక ఉండే ఆ చిన్న తోక చెప్పినట్టే యా మోటార్లు మొత్తం నాసెల్‌ను తిప్పుతాయి. వేన్ మార్చినప్పుడు దాని గుర్తును నాసెల్ పొడవుకు సూటిగా బిగించకపోతే మర జీవితమంతా పక్కచూపుతో నిలబడుతుంది, కంట్రోలరులో మాత్రం తప్పు సున్నా.

తెలుసుకునే పద్ధతి: గాలి 6 నుంచి 8 మీటర్లున్న వరుసలే తీయండి. వేన్ చూపే కోణాన్ని ఒక్కో డిగ్రీ చొప్పున బిన్లు (చిన్న గుంపులు) చేసి, ప్రతి బిన్‌లో కిలోవాట్లను కర్వ్ చెప్పిన దానితో భాగించండి. కొండ ఆకారం వస్తుంది. శిఖరం సున్నా దగ్గర కాకుండా 7, 8 దగ్గర ఉంటే అంత తప్పు. నష్టం సుమారుగా ఆ కోణపు కొసైన్ ఘనం: 8 డిగ్రీలకు దాదాపు 3 శాతం, 12కు 6 శాతం పైన. పది నిమిషాల సగటులో శిఖరం చదునుగా వస్తుంది కాబట్టి ఏడాది డేటా కావాలి. నాసెల్ మీద పెట్టే లైడార్ (లేజరుతో గాలిని కొలిచేది) నెల రోజులు అద్దెకు దొరికితే అనుమానం మిగలదు.

వేన్ సరిగ్గా ఉంటే రెక్కల సున్నా గుర్తు. రెక్క మొదట్లో గీత, హబ్ మీద గీత కలవాలి. మూడింటిలో ఒక్కటి రెండు డిగ్రీలు తేడా ఉన్నా యూనిట్లు పోతాయి, టవర్ కూడా పక్కలకు ఊగుతుంది. వైబ్రేషన్ డేటాలో రోటర్ తిరిగే వేగంతో సమానంగా ఊపు కనిపిస్తే ఇదే కారణం కావచ్చు.

#11 గట్టుమీది మర
స్కాడా కన్ను గారి పద్ధతితో ఒక పేచీ ఉంది. బొమ్మ మొత్తం నాసెల్ అనీమోమీటరు మీద ఆధారపడింది. అది రోటర్ వెనక ఉంటుంది, తిరిగే రెక్కలు చెదరగొట్టిన గాలి చూస్తుంది. బేరింగు అరిగితే వేగం తక్కువ చూపిస్తుంది. అప్పుడు చెడిపోయిన మర కర్వ్ ఎడమకు జరిగి అన్నిటికంటే బాగా కనిపిస్తుంది! బాగున్నాయనుకున్న ఆ ఏడింటిలో కూడా ఒకటి అలాంటిది ఉండొచ్చు.

కంపెనీతో పవర్ కర్వ్ హామీ మీద పేచీ పడాలంటే ఐఈసీ 61400-12-1 (అంతర్జాతీయ ప్రమాణం) ప్రకారం కొలవాలి: రోటర్ వ్యాసానికి 2 నుంచి 4 రెట్ల దూరంలో, వీలైతే రెండున్నర రెట్ల దగ్గర, హబ్ ఎత్తున గాలి కొలిచే మాస్టు (స్తంభం). అర మీటరు చొప్పున బిన్లు, ఒక్కో బిన్‌లో కనీసం అరగంట, మొత్తం 180 గంటల డేటా. గట్టు మీద నేల ఎగుడుదిగుడు కాబట్టి మర నిలబెట్టకముందే సైట్ క్యాలిబ్రేషన్ (మాస్టు దగ్గరి గాలికీ మర చోటి గాలికీ తేడా కొలవడం) చేసి ఉండాలి. అది చేయలేదంటే ఇప్పుడు ఆ దారి మూసుకుపోయినట్టే.

#12 స్కాడా కన్ను
ఒప్పుకుంటాను, హామీ పేచీకి నా పద్ధతి నిలవదు. రోగం ఎక్కడుందో వెతకడానికి పనికొస్తుంది, అంతే. అనీమోమీటరును పక్కన పెట్టే దారీ ఉంది: గాలి వేగం చూడకుండా 4వ మర కిలోవాట్లను 5వ మర కిలోవాట్లతో భాగించి నెలనెలా గీయండి. రెండూ ఒకే గాలి తినే దిక్కుల్లో మాత్రమే. ఆ నిష్పత్తి ఏ నెలలో మెట్టులా పడిపోయిందో ఆ నెల సర్వీసు రిజిస్టరు తీస్తే వేన్ ఎప్పుడు మార్చారో దొరుకుతుంది.

#13 యూనిట్ల లెక్క
9వ నంబరుది గాలినీడ. డెన్మార్క్‌లో రీసో పరిశోధన కేంద్రంలో 1983లో యెన్సెన్ ఇచ్చిన సాదా సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. నేల మీది మరలకు దాని ప్రకారం, ముందు మరకు సరిగ్గా వెనక, రోటర్ వ్యాసానికి 5 రెట్ల దూరంలో గాలి 18 శాతం తగ్గుతుంది, అంటే శక్తి 45 శాతం తక్కువ. 7 రెట్ల దూరంలో గాలి 13, శక్తి 35 శాతం. ఇది సరిగ్గా వరుసలో ఉన్నప్పటి మాట. గాలి పది, పదిహేను డిగ్రీలు పక్కకు తిరిగితే నీడ తప్పుకుంటుంది, మీకు నైరుతి గాలికి మామూలుగా ఉన్నది అందుకే.

9వ మరకు సరిగ్గా పడమర ఏముందో మ్యాపులో చూడండి. మీ మర ఉంటే అది రిపోర్టులో లెక్కలోకి వచ్చే ఉంటుంది. పక్కవాళ్లవి, రిపోర్టు రాశాక వచ్చినవి అయితే ఆ నష్టం ఏ పట్టికలోనూ ఉండదు.

#14 కొండగాలి
నా మొదటి ప్రశ్న తప్పని అర్థమైంది. మరి టవర్ 120 మీటర్లకు పెంచితే?

#15 గట్టుమీది మర
ఉన్న మరకు కుదరదు, టవర్, పునాది ఆ బరువుకు కట్టలేదు. కొత్తదైతే లాభమే. షియర్ (ఎత్తుతో గాలి పెరిగే లెక్క) 0.2 ఉన్న చోట 80 నుంచి 120కి గాలి 8.4 శాతం పెరుగుతుంది. ఫుల్ లోడు పైన లాభం ఉండదు కాబట్టి యూనిట్లు 12, 15 శాతం పెరుగుతాయనుకోవచ్చు. పాతవాటికి రెక్క ముందంచు చూసుకోవాలి. దుమ్ము, వాన చుక్కలు ఆ అంచును గరుకు చేస్తాయి. చేత్తో తడిమితే ఇసుక కాగితంలా తగిలేదాకా వస్తే ఒకటి నుంచి కొన్ని శాతాల దాకా యూనిట్లు పోతాయి. ఫిల్లరు పూసి, ముందంచు టేపు లేదా కోటింగు వేసే పని గాలి లేని నెలల్లో పెట్టుకోవాలి.

#16 ఫీడర్ 33
కరెంటు వైపు ఒక్క లెక్క మిగిలింది. పది మరల కంట్రోలర్ల యూనిట్లు కూడి, సబ్‌స్టేషన్ మీటరు అంకె తీసేయండి. జూలైలో తేడా 3 శాతం లోపు ఉంటే సరే. లైను నష్టం కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి గాలి నెలల్లోనే అసలు రంగు తెలుస్తుంది. గాలి లేని నెలల్లో శాతం పెద్దదిగా కనిపిస్తే కంగారు పడొద్దు. ఒక్కో ట్రాన్స్‌ఫార్మరు ఖాళీగా ఉన్నా 2, 3 కిలోవాట్లు తింటూనే ఉంటుంది, వచ్చే యూనిట్లు తక్కువ కాబట్టి శాతం ఉబ్బుతుంది. 5 శాతం దాటితే చూడాల్సినవి: సీటీ (మీటరుకు కరెంటును తగ్గించి ఇచ్చే ట్రాన్స్‌ఫార్మరు) నిష్పత్తి, మీటరు మల్టిప్లయరు, తర్వాత రాత్రిపూట థర్మల్ కెమెరాతో లైను జాయింట్లు.

#17 పెన్నాతీరం
సాంద్రత సర్దితే రిపోర్టు అంకె 25 దగ్గరికి దిగుతోంది. 9వ దానికి పడమర గట్టు మీద రిపోర్టు తర్వాత నిలబెట్టిన మరలే ఉన్నాయి, ఆరు వ్యాసాల దూరం. 4వ దాని వేన్ ఈ వారం సరిచేయిస్తాను. సరైందని తెలియడానికి ఏడాది ఆగాలా?

#18 స్కాడా కన్ను
అక్కర్లేదు. వేన్ తిప్పిన రోజు, గంట రాసిపెట్టుకోండి. ఎంత కోణం తిప్పారో కూడా, ముందు తర్వాత ఫొటోతో సహా. 4, 5 మరల నిష్పత్తిని నైరుతి, పడమర గాలికి, 500 నుంచి 1,500 కిలోవాట్ల మధ్య వరుసలకే తీయండి. గాలికాలంలో అయితే నాలుగైదు వారాలకు వెయ్యి వరుసలకు పైగా దొరుకుతాయి. 3 శాతం మార్పు కనపడటానికి అవి చాలు. ఆ వారాల్లో 5వ మరను మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు.